ఇంటి తీపి

పాఠ్యభాగ ఉద్దేశం

అంగడిలో దొరికే చాక్లెట్ బార్లకు దీటైన తినుబండారాలను ఓవెన్ అవసరం లేకుండా, తక్కువ తీపితో ఇంట్లోనే తయారుచేసుకొనే విధానాన్ని తెలియజేయడం. పదార్థం పేరును చూసి కాక, దాని పరిమాణాన్ని చూసి మంచిచెడ్డలు నిర్ణయించే వివేకాన్ని విద్యార్థుల్లో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మనుషులు ప్రయాణించినట్లే మాటలూ ప్రయాణిస్తాయి. సంస్కృతంలో 'ఖండము' అంటే ముక్క. చెరకు రసాన్ని కాచి, గడ్డకట్టించి, ముక్కలు చేసిన తీపి పదార్థానికి కూడా ఆ పేరే స్థిరపడింది. అది పారశీక భాషలో 'కంద్' అయింది. అరబ్బీలో 'కందీ' అయింది. ఫ్రెంచి భాష మీదుగా ఆంగ్లానికి చేరి 'కాండీ'గా మారింది. 'శర్కర' అనే మాట కూడా ఇటువంటి దారినే నడిచి 'షుగర్' అయింది. తెలుగువారి 'కండచక్కెర'లో నేటికీ ఆ పాత ఖండమే వినిపిస్తుంది. ఈ గడ్డ మీద పుట్టి పడమటికి వెళ్ళిన ఆ మాట ఇప్పుడు రంగుకాగితం చుట్టుకొని, 'కాండీ బార్' పేరుతో విశాఖపట్నంలోని ప్రతి వీధి దుకాణానికి తిరిగివచ్చింది.

మాట మనదే అయినా వస్తువు స్వరూపం మాత్రం కొత్తది. తినడానికి వీలైన గట్టి చాక్లెట్‌ను అచ్చులో పోసి అమ్మడం 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఫ్రై సంస్థతో మొదలైంది. 1875లో స్విట్జర్లాండుకు చెందిన డానియెల్ పీటర్ పాల చాక్లెట్‌ను రూపొందించాడు. ఆ తరువాత అమెరికాలో చాక్లెట్ పూత లోపల వేరుశనగ గుళ్ళు, మరిగించిన చక్కెరపాకం వంటివి నింపే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. మార్స్ కుటుంబం 1923లో మిల్కీ వే, 1930లో స్నికర్స్ బార్లను విడుదల చేసింది. కొబ్బరి నింపిన బౌంటీ 1951లో వచ్చింది. వేరుశనగ, కొబ్బరి, తీపిపాకం అనే మూడూ తెలుగు వంటింటికి చిరపరిచితాలే. కొత్తగా చేరినది చాక్లెట్ పూత ఒక్కటే.

పోటీ పరీక్షల చదువుకోసం విశాఖపట్నం వచ్చి వసతిగృహాల్లో ఉండే విద్యార్థులు అనేకులు. రాత్రి భోజనం ముగిసిన తరువాత చాలాసేపు చదువు సాగుతుంది. నడిరాత్రికి ఆకలి వేస్తుంది. ఆ వేళకు చేతికి అందేది సంచిలోని చాక్లెట్ బార్. పుస్తకం మీది ధ్యాసలో ఒకటికి రెండు కావడం గమనానికి రాదు. తల్లిదండ్రులు దూరాన ఉంటారు. ఏమి తిన్నావని అడిగేవారు దగ్గర ఉండరు. అందువల్ల తాను తినేదేమిటో తెలుసుకోవలసిన బాధ్యత ఆ వయసులో మొదటిసారిగా విద్యార్థి మీదనే పడుతుంది.

తెలుసుకోవడానికి కష్టపడనక్కరలేదు. బార్‌పై ఉన్న కాగితం వెనుకవైపు చదివితే చాలు. అందులోని పదార్థాలను పరిమాణంలో ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ముద్రించాలన్నది నియమం. చాలా బార్లపై మొదటి రెండు మూడు పేర్లలోనే చక్కెర కనిపిస్తుంది. వేరుశనగ, పాకం నింపిన చాక్లెట్ బార్లలో సాధారణంగా బరువులో దాదాపు సగం చక్కెరే ఉంటుంది. అంటే 50 గ్రాముల బార్‌లో సుమారు 25 గ్రాముల చక్కెర ఉన్నదన్నమాట. ఆహారానికి అదనంగా చేర్చే చక్కెరల ద్వారా లభించే శక్తి రోజు మొత్తం శక్తిలో పది శాతానికి మించరాదనీ, ఐదు శాతంలోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఆ ఐదు శాతాన్ని లెక్కకడితే పెద్దవారికి వచ్చేది ఇంచుమించు 25 గ్రాములు. అది సుమారు ఆరు చెంచాలు. ఒక్క బార్‌తోనే ఆ రోజు వాటా పూర్తవుతుంది. ఇక ఉదయం కాఫీలోని చక్కెర, సాయంత్రం శీతలపానీయంలోని చక్కెర ఆ లెక్కకు పైనే చేరుతాయి.

దీనికి ప్రత్యామ్నాయమేమిటని ఆలోచించినప్పుడు తెలుగువారి సంప్రదాయంలో ఒక విశేషం కనిపిస్తుంది. రొట్టెలు కాల్చే ఓవెన్ మన వంటింటి పరికరం కాదు. సున్నుండలు, నువ్వుండలు, వేరుశనగ ఉండలు, కొబ్బరి లౌజు మొదలైన మన తీపి వంటకాలన్నీ ఓవెన్ ఎరుగనివే. కొన్నింటికి పొయ్యితో కూడా పనిలేదు. కార్తిక శుద్ధ చవితినాడు, అంటే నాగుల చవితి రోజున, పుట్ట దగ్గర సమర్పించే చలిమిడి, చిమ్మిలి, వడపప్పు అనే మూడు నైవేద్యాలూ నిప్పు తగలకుండానే సిద్ధమవుతాయి. తడిబియ్యపు పిండిలో బెల్లం కలిపితే చలిమిడి. నువ్వులూ బెల్లమూ కలిపి దంచితే చిమ్మిలి. నానబెట్టిన పెసరపప్పే వడపప్పు.

వీటిలో చిమ్మిలి ప్రత్యేకంగా గమనించదగినది. రోట్లో దంచుతున్నప్పుడు నువ్వుల నుండి నూనె ఊరుతుంది. ఆ నూనె, బెల్లంలోని జిగురు కలిసి పొడిని ముద్దగా పట్టి ఉంచుతాయి. గుళ్ళను గుళ్ళుగానే ఉంచి అచ్చు పోయాలంటే వాటిని అతికించడానికి పాకం ఎక్కువగా కావాలి. దంచినప్పుడు గింజలోని నూనే ఆ పనిలో కొంత చేస్తుంది. కనుక తీపి తగ్గించినా ఉండ విడిపోదు. తక్కువ తీపితో బార్ తయారుచేయాలనుకొనేవారికి కావలసిన కిటుకు ఇదే.

ఈ కిటుకు తెలుగువారికి మాత్రమే తెలిసినది కాదు. 1933లో ప్రారంభమైన నౌకాశ్రయం విశాఖపట్నానికి నలుదిక్కుల నుండి మనుషులను రప్పించింది. 1966 నాటి మహోద్యమం ఫలితంగా ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. దాని చెంత వెలసిన ఉక్కునగరంలో వివిధ రాష్ట్రాల కుటుంబాలు ఇరుగుపొరుగున నివసిస్తాయి. గయ ప్రాంతపు తిల్‌కుట్, సంక్రాంతినాడు మహారాష్ట్రులు పంచుకొనే తిల్‌గుళ్, తెలుగువారి చిమ్మిలి — ఈ మూడింటికీ మూలద్రవ్యాలు నువ్వులు, తీపి. భాషలు వేరైనా రుచి ఒక్కటే.

అనకాపల్లి బెల్లం

విశాఖపట్నానికి చేరువలోనే, శారదానది ఒడ్డున అనకాపల్లి ఉంది. 2022లో జిల్లా కేంద్రమైన ఈ పట్టణం దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరుపొందింది. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1913 నుండి చెరకుపై కృషి చేస్తున్నది.

అయితే బెల్లం గురించి ఒక అపోహ ప్రచారంలో ఉంది. చక్కెర చెడ్డదనీ, బెల్లం ఎంత తిన్నా హాని చేయదనీ పలువురు నమ్ముతారు. ఇది సరికాదు. బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలు, తనదైన రుచి, సువాసన ఉన్నమాట నిజమే. కాని దాని బరువులో అత్యధిక భాగం చక్కెరలే. ఎక్కువ తింటే చక్కెర చేసే హాని బెల్లమూ చేస్తుంది. మధుమేహం ఉన్నవారు చక్కెర విషయంలో పాటించే జాగ్రత్తనే బెల్లం విషయంలోనూ పాటించాలి. పదార్థం పేరు మార్చినంత మాత్రాన ఆరోగ్యం రాదు, పరిమాణం తగ్గించాలి. బెల్లం కొనేటప్పుడు పసుపుపచ్చగా మెరిసేదే మేలైనదని భ్రమపడరాదు. రంగు తేలడానికి రసాయనాలు కలపడం కద్దు. ముదురు గోధుమరంగులో ఉన్న బెల్లం చూపుకు మోటుగా ఉన్నా వంటకు శ్రేష్ఠం.

తయారీ విధానాలు

మొదటిది చిమ్మిలి బార్. వేరుశనగ గుళ్ళు 150 గ్రాములు, నువ్వులు 100 గ్రాములు, తురిమిన బెల్లం 100 గ్రాములు, చిటికెడు ఉప్పు తీసుకోవాలి. ముడుచుకుపోయిన గుళ్ళను, రంగు మారినవాటిని, బూజు వాసన వచ్చేవాటిని ముందే ఏరి పారవేయాలి; బూజు పట్టిన వేరుశనగలో విషపదార్థాలు ఏర్పడతాయి. మంచి గుళ్ళను సన్నని సెగమీద దోరగా వేయించి పొట్టు తీయాలి. నువ్వులను చిటపటలాడేదాకా విడిగా వేయించాలి. నాగుల చవితి చిమ్మిలికి నిప్పు అవసరం లేకున్నా, నిలవ ఉండవలసిన బార్‌కు వేయించడం మేలు. రెండూ చల్లారిన తరువాత రోట్లోగాని మిక్సీలోగాని నూనె ఊరేవరకు దంచి, చివర బెల్లం, ఉప్పు కలిపి మరొకసారి తిప్పాలి. ఆ ముద్దను నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి, అడుగు చదునుగా ఉన్న గిన్నెతో గట్టిగా అదిమి, 14 ముక్కలుగా కోయాలి. కరకరలాడాలని కోరుకొనేవారు, రాయలసీమలో బొరుగులనే మరమరాలను గుప్పెడు వేయించి కలుపుకోవచ్చు.

ఒక్కొక్క ముక్క బరువు సుమారు 25 గ్రాములు. అందులో బెల్లం 7 గ్రాములు. అంతే బరువున్న అంగడి బార్ ముక్కలో చక్కెర దాదాపు 12 గ్రాములుంటుంది. కనుక తీపి ఇంచుమించు సగానికి తగ్గింది. పైగా వేరుశనగ బరువులో నాలుగో వంతు మాంసకృత్తులే; నువ్వులు సున్నపు ధాతువుకు ప్రసిద్ధి.

రెండవది ఖర్జూర బార్. దీనికి గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు 200 గ్రాములు, వేయించిన వేరుశనగ గుళ్ళు 100 గ్రాములు, జీడిపప్పు 50 గ్రాములు, తీపి కలపని కోకో పొడి 15 గ్రాములు కావాలి. గుళ్ళను, జీడిపప్పును బరకగా పొడి చేసుకోవాలి. ఖర్జూరాలను మెత్తగా రుబ్బి, పొడులన్నీ చేర్చి చపాతీపిండిలా మర్దించి, పళ్ళెంలో అదిమి ముక్కలు కోయాలి. దీనికి వేరే తీపి అక్కరలేదు. పాకంలోని జిగురును ఖర్జూరమే ఇస్తుంది. కాని ఇక్కడ కూడా ఆత్మవంచన పనికిరాదు. ఖర్జూరంలో సహజమైన చక్కెరలు అధికం. ఈ బార్ బరువులో మూడింట ఒక వంతు చక్కెరలే ఉంటాయి. పండుతో పాటు పీచుపదార్థం లభించడం మాత్రం అదనపు లాభం.

మూడవది కొబ్బరి బార్. పచ్చికొబ్బరి తురుము 200 గ్రాములు, బెల్లం 80 గ్రాములు కలిపి, ముద్ద గిన్నెను విడిచేవరకు సన్నని సెగమీద ఉడికించి, ఏలకుల పొడి చేర్చాలి. ఇది కొబ్బరి లౌజే. చల్లారిన తరువాత 12 కోలముక్కలుగా ఒత్తి, రిఫ్రిజిరేటర్‌లో గంటసేపు ఉంచాలి. 100 గ్రాముల ముదురు చాక్లెట్‌ను నేరుగా మంటమీద కరిగించరాదు. మరుగుతున్న నీటి గిన్నెపై మరొక పొడి గిన్నె ఉంచి అందులో కరిగించాలి. ఒక్క నీటిచుక్క పడినా చాక్లెట్ బిరుసెక్కి గడ్డలు కడుతుంది. కరిగిన చాక్లెట్‌లో కోలముక్కలను ముంచి, నూనె అంటని కాగితంపై ఆరనివ్వాలి. ఒక్కొక్క దానిలో బెల్లం సుమారు 7 గ్రాములు; పూతలోని చక్కెర దానికి అదనం. పచ్చికొబ్బరి త్వరగా పాడవుతుంది; కనుక దీనిని చల్లని చోట ఉంచి, మూడు నాలుగు రోజుల్లో ముగించాలి.

చాక్లెట్ కొనేటప్పుడు కూడా కాగితం చదవడం అవసరం. అసలైన చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. నోటి వేడికి చాక్లెట్ ఇట్టే కరగడానికి కారణం అదే. చవకరకాల్లో కోకో వెన్న స్థానంలో ఇతర నూనెల నుండి తీసిన కొవ్వులు కలుపుతారు. కోకో ఇప్పుడు పరాయి పంట కాదు. గోదావరి ప్రాంతంలోని కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా విరివిగా సాగవుతున్నది. దేశంలో కోకో సాగులో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో నిలిచింది.

సముద్రపు గాలి – ఉక్కు డబ్బా

విశాఖలో తీపి వండేవారికి మరొక పరీక్ష సముద్రపు గాలి. బెల్లంలో సుక్రోజుతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. వీటికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఎక్కువ. అందుచేతనే తేమ తక్కువగా ఉండే ఊళ్ళలో పెళపెళలాడే వేరుశనగ అచ్చు సాగరతీరంలో ఒక్కరోజు ఆరుబయట ఉంటే మెత్తబడి చేతికి అంటుకుంటుంది. అది వండినవారి లోపం కాదు, గాలి స్వభావం. ముక్కలు పూర్తిగా చల్లారిన తరువాతనే, మూత బిగుతుగా ఉన్న ఉక్కు డబ్బాలో పొరకూ పొరకూ నడుమ కాగితం పరిచి దాచుకోవాలి. తడిచేతితో ముట్టరాదు. ఈ జాగ్రత్తలు పాటిస్తే చిమ్మిలి బార్ వారం పైగా చెడకుండా ఉంటుంది.

మితమే మేలు

ఇంట్లో చేసినదంతా ఆరోగ్యకరమనీ, కొన్నదంతా అనారోగ్యకరమనీ తీర్మానించడం తొందరపాటు అవుతుంది. 25 గ్రాముల చిమ్మిలి బార్ ముక్క ఇచ్చే శక్తి సుమారు 130 కిలోకాలరీలు. అంతే బరువున్న అంగడి బార్ ఇచ్చే శక్తికి ఇది తక్కువ కాదు సరికదా, ఇంచుక ఎక్కువే. గింజల్లోని నూనె దీనికి కారణం. తీపి తగ్గింది, పోషకాలు పెరిగాయి, శక్తి మాత్రం తగ్గలేదు. కనుక ఒక ముక్క చిరుతిండి అవుతుంది. ఐదు ముక్కలైతే ఒక పూట భోజనమంత బరువవుతుంది. వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు సరిపడనివారు కొందరుంటారు. ఇతరులకు పెట్టేముందు ఆ సంగతి అడిగి తెలుసుకోవడం మర్యాదే కాదు, రక్షణ కూడా.

మరి ఇంటి తయారీలోని అసలు ప్రయోజనమేమిటి? అంగడి బార్‌లో ఎంత చక్కెర ఉండాలో వేరెవరో నిర్ణయిస్తారు. ఇంట్లో ఆ నిర్ణయం మన చేతిలో ఉంటుంది. 100 గ్రాముల బెల్లం తూచి గిన్నెలో పోసిన చెయ్యి ఆ కుప్పను మరచిపోదు. మరునాడు దానిని 90కి, ఆపై వారం 80కి తగ్గించవచ్చు. నాలుక అలవాటును బట్టి మారుతుంది. తీపి క్రమంగా తగ్గిస్తూ వస్తే కొన్నాళ్ళకు ఆ తక్కువ తీపే చాలుననిపిస్తుంది.

సెలవులు ముగిసి వసతిగృహానికి తిరిగివెళ్ళే విద్యార్థి సంచిలో ఇంటివారు ఒక డబ్బా పెట్టి పంపడం తెలుగునాట పాత ఆచారం. ఆ డబ్బాను ఇంటివారితో కలిసి తానే నింపుకొన్న విద్యార్థికి అందులోని ప్రతి ముక్క కొలతా తెలుసు. నడిరాత్రి ఆకలివేళ మూత తీసి, ఒక్క ముక్క తీసుకొని, మళ్ళీ మూత బిగించగలిగినవాడు వంటతో పాటు మితాన్ని కూడా నేర్చినవాడే. పాకశాస్త్రం నేర్పే తుదిపాఠం అదే.

అర్థాలు

చిరపరిచితం = చాలాకాలంగా తెలిసినది
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా ఎంచుకొనే మరొకటి
అపోహ = పొరపాటు భావన
కద్దు = ఉన్నది
మాంసకృత్తులు = ప్రోటీన్లు
సున్నపు ధాతువు = కాల్షియం
ఇంచుక = కొంచెం
మితం = తగినంత కొలత

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చిమ్మిలి తయారీలోని కిటుకు తక్కువ తీపి బార్ల తయారీకి ఎలా ఉపకరిస్తుందో వివరించండి.
2. 'పదార్థం పేరు మార్చినంత మాత్రాన ఆరోగ్యం రాదు' అనే వాక్యాన్ని బెల్లం, ఖర్జూరాల ఆధారంగా సమర్థించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. 'ఖండము' అనే మాట 'కాండీ'గా మారిన క్రమాన్ని తెలపండి.
2. నాగుల చవితి నైవేద్యాల విశేషమేమిటి?
3. సాగరతీరంలో వేరుశనగ అచ్చు ఎందుకు మెత్తబడుతుంది?

ఇ. సంధులు
మహోద్యమం = మహా + ఉద్యమం – గుణసంధి
పదార్థం = పద + అర్థం – సవర్ణదీర్ఘ సంధి
తినేదేమిటో = తినేది + ఏమిటో – ఇత్వ సంధి

ఈ. సమాసాలు
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
చెరకు రసం = చెరకు యొక్క రసం – షష్ఠీ తత్పురుష సమాసం
మూడు నైవేద్యాలు = మూడు సంఖ్య గల నైవేద్యాలు – ద్విగు సమాసం

ఉ. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో తరతరాలుగా చేస్తున్న ఒక తీపి వంటకం కొలతలను పెద్దలను అడిగి తెలుసుకోండి. అందులో తీపి ఎంత ఉందో లెక్కకట్టి, రుచి చెడకుండా ఎంతవరకు తగ్గించవచ్చో చేసి చూసి, ఒక పుటకు మించకుండా రాయండి.